'నాకు గుర్తులేదు' అన్నాను.. అది అబద్ధం!

హెచ్‌ఆర్‌ నుంచి వచ్చినావిడ నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఆ రోజు మీటింగ్‌లో మీ మేనేజర్ ఆమె జుట్టు గురించి ఏమైనా అన్నారా?"

నాకు బాగా గుర్తుంది. ఆయన ఏ కుర్చీలో కూర్చున్నాడో గుర్తుంది. అన్న మాట గుర్తుంది. ఆ మాటకి టేబుల్ చుట్టూ ఉన్న నలుగురు నవ్వడం గుర్తుంది. ఆ నలుగురిలో నేనూ ఒకదాన్నని కూడా గుర్తుంది.

"సారీ, నాకు గుర్తులేదు" అన్నాను.

ఇది 2022లో జరిగింది. ఊరు హ్యూస్టన్, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం. మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. బీటెక్ అయ్యాక అప్పు చేసి ఎమ్మెస్‌కి వచ్చి, చదువు అవగానే ఇక్కడే ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ హెచ్‌1బీ వీసా మీదే ఉన్నాను. అందుకే కంపెనీ పేరు రాయను, నా పేరూ రాయను. ఎవరి గురించి రాస్తున్నానో ఆమె పేరు కూడా రాయను. ఆమె నల్లజాతి అమెరికన్. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. ఆఫీసులో పేరు పెట్టే పిలిచేదాన్ని, అక్కడ అందరూ అంతే. మనసులో మాత్రం 'అక్క' అనుకునేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను.

ఇది రాయొచ్చా అని అడిగితే అక్క ఒప్పుకుంది. "రాయి. కానీ నన్ను దేవతను చెయ్యకు, నిన్ను విలన్‌ను చెయ్యకు. జరిగింది జరిగినట్టు రాయి" అంది.

పని నేర్పింది అక్కే

మా టీమ్‌లో పదకొండు మందిమి. బీమా క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ మా పని. అందులో నలుగురం ఇండియన్స్. నల్లజాతి మనిషి అక్క ఒక్కతే. కోడ్‌లో ఏ మూల ఏముందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

చేరిన మూడో వారంలోనే నేనొక పెద్ద పొరపాటు చేశాను. టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో ఒక టేబుల్ మొత్తం తుడిచేశాను. ఏడుపొక్కటే తక్కువ. అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. బ్యాకప్ నుంచి డేటా అంతా వెనక్కి తెచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. మర్నాడు అందరికీ వెళ్లిన మెయిల్‌లో నా పేరు లేదు. 'సమస్య వచ్చింది, సరిచేశాం, మళ్లీ రాకుండా ఈ జాగ్రత్త తీసుకున్నాం' అని మాత్రమే రాసింది.

అలాంటి మనిషికి ఆ ఆఫీసులో ఎదురైనవి చెప్తాను. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్నవే. 'ఇంత దానికే పట్టించుకోవాలా' అనిపించేవే. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఒకసారి క్లయింట్ కంపెనీ నుంచి ముగ్గురొచ్చారు. మీటింగ్ రూమ్ బయట అక్క, నేను, ఇంకో ఇద్దరు అబ్బాయిలం నిలబడి ఉన్నాం. వచ్చినవాళ్లలో పెద్దాయన నేరుగా అక్క దగ్గరికెళ్లి పార్కింగ్ టికెట్ చేతిలో పెట్టాడు. "దీని మీద కాస్త స్టాంప్ వేయించి తెస్తావా? కాఫీ కూడా చూడు" అన్నాడు. అక్క మాట్లాడకుండా కిందికెళ్లి స్టాంప్ వేయించుకొచ్చింది. టికెట్ ఆయన చేతికిచ్చింది. తర్వాత ప్రొజెక్టర్‌కి తన ల్యాప్‌టాప్ తగిలించి, "సరే, మొదలుపెడదామా" అంటూ ప్రజెంటేషన్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన మొహం చూడాలి!

మీటింగ్ అయ్యాక నేను నవ్వుతూ, "భలే బుద్ధి చెప్పారు" అన్నాను.

అక్క నవ్వలేదు. "ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి. ప్రతిసారీ భలేగా చెప్పే ఓపిక నాకుండదు" అంది.

ఇంకోటి. ఒక డిజైన్ మీటింగ్‌లో డేటాబేస్ నెమ్మదించకుండా ఏం చేయాలో అక్క చెప్పింది. మేనేజర్ "ఊఁ, చూద్దాం" అని వేరే విషయంలోకి వెళ్లిపోయాడు. పదిహేను నిమిషాల తర్వాత అదే సంగతి నేను ఇంకో రకంగా అన్నాను. "అద్భుతమైన ఐడియా!" అన్నాడాయన. అందరూ నా వైపు చూశారు. 'ఇది ఇందాక ఆమె చెప్పిందే' అనడానికి నాకు మూడు సెకన్లు పట్టేది. నేను అన్నది "థాంక్యూ" అని మాత్రమే.

ఏటా రివ్యూలో అక్కకి పని గురించి వంక ఉండేది కాదు. 'మాట తీరు' గురించి ఉండేది. దురుసు, ఆవేశం, కలుపుకోలుతనం లేదు.. ఇవీ మాటలు. మా టీమ్‌లోనే ఒక తెల్లబ్బాయి టేబుల్ మీద గుద్ది మరీ మాట్లాడతాడు. అతని రివ్యూలో 'నిక్కచ్చి మనిషి, లీడర్ లక్షణాలున్నాయి' అని వచ్చిందని అతనే గొప్పగా చెప్పుకున్నాడు. నల్లజాతి ఆడవాళ్లు అంటేనే కోపిష్టివాళ్లు అన్న ముద్ర అమెరికా సినిమాల్లో, టీవీ షోల్లో దశాబ్దాలుగా పాతుకుపోయింది. దాంతో వాళ్లు మామూలుగా 'కాదు' అన్నా అరిచినట్టే వినిపిస్తుంది. అది తెలుసు కాబట్టి అక్క ప్రతి మెయిల్ పంపే ముందు రెండుసార్లు చదివి, మెత్తగా మార్చి పంపేది. నేను ఒక్కసారి రాసి పంపే మెయిల్‌కి ఆమెకి అరగంట పట్టేది.

ఆ జుట్టు సంగతి

ఇక ఆ మీటింగ్. పెద్ద కాంట్రాక్టు కోసం వారం తర్వాత క్లయింట్ ముందు డెమో ఉంది. అక్క కొత్తగా సన్న జడలు అల్లించుకుని వచ్చింది. మేనేజర్ ఆమె వైపు చూసి, "డెమో రోజు కాస్త ప్రొఫెషనల్‌గా రా. ఇదేదో బీచ్ పార్టీకి వెళ్తున్నట్టుంది" అన్నాడు. నలుగురం నవ్వాం.

మీకూ ఇందులో ఏముందిలే అనిపించొచ్చు. కొంచెం ఆగండి.

నల్లజాతి వాళ్ల జుట్టు పుట్టుకతోనే ఒత్తుగా, ఉంగరాలుగా పెరుగుతుంది. తేలిగ్గా చిక్కుపడుతుంది, తెగిపోతుంది. దాన్ని కాపాడుకునే పద్ధతే ఆ జడలు. కుర్చీలో గంటల కొద్దీ కూర్చుంటే గానీ తల మొత్తం అల్లడం పూర్తికాదు. అవి వద్దనుకుంటే మిగిలే దారి జుట్టును సాపుగా చేయించుకోవడం. అంటే ఘాటైన రసాయనాలు, లేదా బాగా వేడిగా ఉండే ఇనుప దువ్వెన. అంటే 'ప్రొఫెషనల్‌గా రా' అన్న మాటకి అసలు అర్థం 'నీ తలమీద పుట్టిన జుట్టుతో రాకు' అని.

నేను స్కూలుకి నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని వెళ్లినదాన్ని. అమెరికా వచ్చాక లిఫ్ట్‌లో ఎవరో ముక్కు చిట్లించారని శుక్రవారం రాత్రి తప్ప తలకి నూనె ముట్టడం మానేశాను. ఆ చిన్న అవమానం నాకు ఇప్పటికీ గుర్తుంది. అయినా ఆ రోజు నవ్వాను.

ఇది మా ఒక్క ఆఫీసు కథ కాదు. అలబామా రాష్ట్రంలోని మొబైల్ అనే ఊళ్లో 2010లో చాస్టిటీ జోన్స్ అనే నల్లజాతి మహిళకి ఒక కాల్‌సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. ఆమెది డ్రెడ్‌లాక్స్ జుట్టు. అవి తీసేస్తేనే ఉద్యోగం అన్నారు. తీయనంది. ఉద్యోగం పోయింది. అమెరికాలో ఉద్యోగాల్లో వివక్షను చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ ఆమె తరఫున కోర్టుకెళ్లింది. 2016లో అప్పీల్ కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. చర్మం రంగు మార్చుకోలేం, జుట్టు తీరు మార్చుకోవచ్చు కదా అన్నది ఆ తీర్పు సారం. 2018లో సుప్రీంకోర్టు ఈ కేసు వినడానికి ఒప్పుకోలేదు.

ఆ తర్వాతే రాష్ట్రాలు కదిలాయి. జుట్టును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదంటూ 'క్రౌన్ యాక్ట్' పేరుతో మొదటి చట్టం 2019లో కాలిఫోర్నియాలో వచ్చింది. మా టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కకి మాత్రం ఏడాది ఆలస్యమైంది.

నల్లజాతి, ఆడది.. రెండూ కలిస్తే

అక్క హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు చేసినప్పుడు ఆఫీసులో వినిపించిన మాటలు రెండు. "మన కంపెనీలో ఆడవాళ్లు ఇంతమంది ఉన్నారు, మనకి వివక్ష ఏంటి?" అనేది ఒకటి. "పక్క డిపార్ట్‌మెంట్ డైరెక్టర్ నల్లాయనే కదా!" అనేది రెండోది. నాకు రెండూ సబబుగానే అనిపించాయి. ఎక్కడో తేడా ఉందని తెలుస్తోంది గానీ, ఎక్కడో పట్టుకోలేకపోయాను.

సమాధానం తర్వాత చదివితే దొరికింది. 1976 నాటి ఒక కేసు ఉంది. ఎమ్మా డిగ్రాఫెన్‌రీడ్‌తో పాటు మొత్తం ఐదుగురు నల్లజాతి మహిళలు జనరల్ మోటార్స్ మీద వేశారు. 1964కి ముందు ఆ కంపెనీ నల్లజాతి ఆడవాళ్లను తీసుకోనే లేదు. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. చివర చేరినవాళ్లను ముందు తీసేయాలన్న రూల్ ప్రకారం ఉద్యోగాలు తీసేశారు. దాంతో 1970 తర్వాత చేరిన నల్లజాతి ఆడవాళ్లందరి ఉద్యోగాలూ పోయాయి. కోర్టు ఏమందో తెలుసా? కంపెనీలో ఆడవాళ్లున్నారు కాబట్టి ఆడవాళ్ల పట్ల వివక్ష లేదంది. ఆ ఆడవాళ్లు ఆఫీసు పనుల్లో ఉన్న తెల్లవాళ్లు! నల్లజాతి వాళ్ల పట్ల వివక్ష అంటే అది వేరే కేసు, అందులో కలవండి అంది. అక్కడ ఫ్యాక్టరీ పనుల్లో ఉన్నది మగవాళ్లు! రెండూ కలిపి అడగడానికి మీకు వీల్లేదంది. అంటే రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి, వీళ్లకి మాత్రం ఏ తలుపులోంచీ దారి లేదు.

ఈ కేసునే తీసుకుని 1989లో కింబర్లే క్రెన్‌షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఒక వ్యాసం రాశారు. నాలుగు రోడ్ల కూడలిని ఊహించుకోమన్నారావిడ. మధ్యలో నిలబడ్డ మనిషిని ఏ రోడ్డు మీది బండైనా గుద్దొచ్చు, రెండు వైపుల నుంచీ ఒకేసారి కూడా గుద్దొచ్చు. ఇన్‌స్టాలో మీరు తరచూ చూసే 'ఇంటర్‌సెక్షనాలిటీ' అన్న పెద్ద మాట పుట్టింది అక్కడే. మాట పెద్దదే గానీ, దాని వెనక ఉన్నది ఉద్యోగాలు పోయిన ఐదుగురు ఆడవాళ్లు.

ఇంకో విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. ఈ వాదనని ఒప్పుకున్న తొలి పెద్ద తీర్పుల్లో ఒకటి మా హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ కేసులోనే వచ్చింది. ప్రమోషన్ రాని జెఫరీస్ అనే నల్లజాతి మహిళ వేసిన కేసు అది. నల్లజాతి మగవాళ్లకి, తెల్లజాతి ఆడవాళ్లకి అన్యాయం జరగకపోయినా సరే, నల్లజాతి ఆడవాళ్లకి విడిగా అన్యాయం జరగొచ్చని 1980లో అప్పీల్ కోర్టు చెప్పింది. మా ఆఫీసు వాళ్లు 2022లో అడిగిన ప్రశ్నకి ఇదే ఊరి కేసులో నలభై రెండేళ్ల కిందటే జవాబు వచ్చేసిందన్నమాట.

అంకెలు కూడా ఆ మాటే చెప్తాయి. అమెరికాలో ఏడాది పొడవునా ఫుల్‌టైమ్ పనిచేసే తెల్లజాతి మగవాళ్లు ఒక డాలర్ సంపాదిస్తే, నల్లజాతి ఆడవాళ్లకి వచ్చేది 65 సెంట్ల అటూఇటూ. మెకిన్సీ, లీన్ఇన్ సంస్థలు కలిసి 2024లో ఇచ్చిన నివేదిక చూడండి. 100 మంది మగవాళ్లకి తొలి మేనేజర్ ప్రమోషన్ వస్తుంటే, నల్లజాతి ఆడవాళ్లలో 54 మందికే వస్తోంది. ఆసియా ఆడవాళ్లలో 99 మందికి వస్తోంది.

ఆ 99లో నేనున్నాను. ఆ 54 అవతల అక్క ఉంది.

ఇంకాస్త ముందుకెళ్తే, ఇంటర్వ్యూ దాకా రావడమే కష్టం. 2004లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉంది. బోస్టన్, షికాగోల్లోని ఉద్యోగ ప్రకటనలకి దాదాపు 5,000 రెజ్యూమెలు పంపారు. పేర్లు మాత్రం ఊహించి పెట్టారు. కొన్నిటి మీద ఎమిలీ లాంటి తెల్లజాతి పేర్లు, కొన్నిటి మీద లకీషా లాంటి నల్లజాతి పేర్లు. తెల్ల పేరుకి పది రెజ్యూమెలకి ఒక ఫోన్ వస్తే, నల్లజాతి పేరుకి పదిహేను పంపితే గానీ ఒకటి రాలేదు. మనవాళ్లు 'కృష్ణ'ని 'క్రిస్'గా మార్చుకునేది ఊరికే కాదు కదా! మన దగ్గర ఇంటిపేరు అడిగి మనిషిని తూచేవాళ్లు ఎంతమంది లేరు? పేరుతోనే మనిషి విలువ తేల్చేయడం మనకి కొత్తేం కాదు.

భయం నిజమే, కానీ..

హెచ్‌ఆర్‌ పిలుపు రావడానికి ముందు రోజు అక్క నా డెస్క్ దగ్గరికొచ్చింది. "రేపు నిన్నూ అడుగుతారు. నా తరఫున వాదించమనట్లేదు. విన్నది చెప్పు చాలు" అంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. ఆలోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదంటే సర్దుకోవాలి. చదువు అప్పు ఇంకా తీరలేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ ఒకటే మాట అంది. "నీకెందుకు బిడ్డా ఆ లొల్లి? అది వాళ్లు వాళ్లు చూస్కుంటరు. నీ కొలువు నువ్వు చేస్కో."

అమ్మ తప్పు కాదు. ఆమెకి తెలిసిందల్లా కూతురు దూరంగా ఉందన్న భయం. కానీ ఆ మాట నాకు ఒక సాకులా దొరికింది. దాన్ని పట్టుకునే మర్నాడు ఆ గదిలోకి వెళ్లాను.

నలుగురం అదే చెప్పాం. విచారణ 'ఆధారాలు లేవు' అంటూ ముగిసింది. రెండు నెలలకి అక్క రాజీనామా చేసింది. ఆ తర్వాతి ఏడాది టీమ్ లీడ్ ప్రమోషన్ నాకొచ్చింది. ఆమె నేర్పిన పనితో, ఆమె ఖాళీ చేసిన చోట.

తర్వాత తెలుసుకున్న ఒక విషయం నన్ను ఇంకా బాధపెట్టింది. కంపెనీ లోపల జరిగే విచారణలో సాక్షిగా నిజం చెప్పినవాళ్ల మీద కక్ష తీర్చుకోవడం చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 2009లోనే ఒక కేసులో స్పష్టం చేసింది. వివక్షకి వ్యతిరేకంగా ఉన్న ఈ చట్టాలు పౌరులకే కాదు, వీసా మీద పనిచేసేవాళ్లకీ వర్తిస్తాయి. అయితే కాగితం మీద హక్కు ఉన్నంత మాత్రాన భయం పోతుందని నేననను. 60 రోజుల లెక్క నిజమే. కానీ నేను కనీసం తెలుసుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. తెలిస్తే చెప్పాల్సి వస్తుందేమోనని!

మన గ్రూపుల్లో మన మాటలు

ఇక్కడ మన తెలుగువాళ్ల సంగతి కూడా రాయకపోతే జరిగింది జరిగినట్టు రాసినట్టు కాదు.

కొత్తగా వచ్చినవాళ్లు వాట్సాప్ గ్రూపులో "ఫలానా చోట ఇల్లు తీసుకోవచ్చా?" అని అడిగితే వచ్చే జవాబు "అది నల్లోళ్ల ఏరియా, వద్దు". నేనూ ఆ మాట చదివాను, ఇంకొకరికి చెప్పాను కూడా. ఇదే నేను పెళ్లిచూపుల్లో 'అమ్మాయి కాస్త రంగు తక్కువ' అనిపించుకుని గదిలోకెళ్లి ఏడ్చినదాన్ని. రంగు మీద మాట పడితే ఎంత మంటగా ఉంటుందో నాకు తెలుసు. అమెరికా వచ్చాక ఆ మాట అనే వైపు నిలబడే అవకాశం దొరికింది, నిలబడ్డాను.

అసలు మనం ఇక్కడికి రాగలిగిందే వాళ్ల పోరాటం వల్ల. 1946 చట్టం ప్రకారం భారత్ నుంచి వలస వచ్చేవాళ్లకి ఏడాదికి కోటా ఎంతో తెలుసా? కేవలం 100 మంది. 1950లు, 60లలో నల్లజాతి వాళ్లు రోడ్ల మీదికొచ్చి, దెబ్బలు తిని, జైళ్లకెళ్లి సాధించుకున్నది 1964 పౌర హక్కుల చట్టం. ఉద్యోగంలో జాతి, రంగు, మతం, ఆడ-మగ, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదని అందులోని ఏడో అధ్యాయం చెప్తుంది. 'పుట్టిన దేశం' అన్న ఆ మాట నన్ను కూడా కాపాడుతోంది. అదే ఉద్యమం ఊపులో 1965లో వలస చట్టం మారింది, దేశాలవారీ పాత కోటాలు పోయాయి. మన డాక్టర్లు, ఇంజినీర్లు రావడం మొదలైంది ఆ తర్వాతే.

అంటే అక్క వాళ్ల అమ్మమ్మల తరం తెరిచిన తలుపులోంచి నేను లోపలికొచ్చాను. వచ్చి, అక్క బయటికి వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 19

మా ఆఫీసుకి జూన్ 19న సెలవు. 'జూన్‌టీన్త్' అంటారు. 2021 నుంచి దేశమంతటా సెలవే. మా బ్యాచ్ అంతా ఆ రోజు పులిహోర డబ్బాలు సర్దుకుని గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్లేవాళ్లం. ఆ సెలవు ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. 1865లో అదే గాల్వెస్టన్‌లో, అదే తేదీన, టెక్సస్‌లోని బానిసలకి 'మీరిక స్వతంత్రులు' అని సైన్యం ప్రకటించింది. లింకన్ ప్రకటన వచ్చిన రెండున్నరేళ్లకి! మేం సెల్ఫీలు దిగింది ఆ ఊళ్లోనే.

అది తెలిసిన రోజు రాత్రి అక్కకి మెయిల్ రాశాను. 'నాకు గుర్తుంది. అబద్ధం చెప్పాను' అని మొదలుపెట్టి, ఆ రోజు విన్నదంతా రాశాను. రెండు వారాలు జవాబు లేదు. తర్వాత ఒక లైను వచ్చింది. శనివారం పొద్దున ఎమాన్సిపేషన్ పార్కులో కలుద్దాం అని.

హ్యూస్టన్ థర్డ్ వార్డ్‌లో ఉందా పార్కు. బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు 1872లో తలాకాస్త డబ్బు పోగేసి, జూన్‌టీన్త్ జరుపుకోవడానికి కొనుక్కున్న పదెకరాల నేల. ఏళ్లుగా ఇదే ఊళ్లో ఉంటూ నేను ఆ వైపు ఎప్పుడూ వెళ్లలేదు. ఎందుకంటే అది 'నల్లోళ్ల ఏరియా'.

అక్క జడలతోనే వచ్చింది. ఇప్పుడు వేరే కంపెనీలో ఉందట. జీతం కాస్త తక్కువ, మనశ్శాంతి కాస్త ఎక్కువ అంది.

"ఇప్పుడైనా రాసిస్తాను. ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను" అన్నాను.

"గడువు దాటిపోయింది" అంది. ఈఈఓసీకి ఫిర్యాదు చేయాలంటే సంఘటన జరిగిన 180 రోజుల్లోపు, చాలా రాష్ట్రాల్లో 300 రోజుల్లోపు చేయాలి. "సాక్షి లేకుండా వెళ్లి ఏం చేయను? లాయర్ కూడా అదే అడిగాడు, ఇంకెవరైనా విన్నారా అని."

ఏమనాలో తెలియక "నన్ను క్షమించండి" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "ఆ మేనేజర్ మాటకి నేను ఏడవలేదు. అలాంటి మాటలు ముప్పై ఏళ్లుగా వింటున్నాను. నువ్వు నవ్వావు చూడు, ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. నీ క్షమాపణ తీసుకుంటాను. కానీ దాంతో నీ పని అయిపోలేదు. మీ టీమ్‌లోకి ఇంకో అమ్మాయి వస్తుంది. ఆ రోజు గుర్తుపెట్టుకో."

మీరు రేపు అక్కడికి వెళ్తే..

2025 జనవరిలో అమెరికా కేంద్ర ప్రభుత్వం తన ఆఫీసుల్లో డీఈఐ కార్యక్రమాలను ఆపేసింది. ఎన్నో పెద్ద కంపెనీలూ తగ్గించేశాయి. పోస్టర్లు, ట్రైనింగులు పోతాయేమో గానీ 1964 చట్టం అలాగే ఉంది. ఆ చట్టం పనిచేయాలంటే మాత్రం 'నేను విన్నాను' అనే మనిషి ఒకరు కావాలి. ఇది చదువుతున్నవాళ్లలో ఎంతోమంది రేపు అమెరికా ఆఫీసుల్లో కూర్చుంటారు. హైదరాబాద్‌లో కూర్చుని అక్కడి టీమ్‌లతో కాల్స్‌లో ఉండేవాళ్లూ ఉన్నారు. నేను చేయనివి నాలుగు మీకు చెప్తాను.

ఒకరి ఐడియా మీ నోట్లోంచి వచ్చి మెప్పు మీకొస్తే, "ఇది ఇందాక ఆమె చెప్పిందే" అనండి. మూడు సెకన్ల పని.

ఎవరి జుట్టు మీదో, యాస మీదో జోక్ పడితే నవ్వకండి. ఎదురు మాట్లాడే ధైర్యం లేకపోతే కనీసం నవ్వకండి. నవ్వని మొహం కూడా ఒక జవాబే.

విన్నది ఆ రోజే తేదీతో సహా మీ సొంత నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. రేపు మీ జ్ఞాపకం మీకే ఎదురు తిరగకుండా ఉంటుంది.

ఇక నాలుగోది. జరిగింది ఆమెకే కాబట్టి ఏం చేయాలో నిర్ణయించేది ఆమే. మీరు హీరో అవ్వక్కర్లేదు. "నేను విన్నాను, అడిగితే చెప్తాను" అని ఆమెకి చెప్పండి చాలు.

పోయిన నెల మా టీమ్‌లో ఒక నల్లజాతి అమ్మాయి చేరింది. కాలేజీ అయిపోయి ఏడాది కూడా కాలేదు. రెండో వారంలోనే మీటింగ్‌లో మంచి సూచన ఒకటి చేసింది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి ఇంకొకరు అదే అంటే అందరూ తలూపారు.

నా గుండె గట్టిగా కొట్టుకుంది. ఇంత చిన్న మాటకి అంత భయం ఎందుకో తెలియదు.

"అది ఇందాక తను చెప్పిందే. మొత్తం తననే చెప్పనిద్దాం" అన్నాను.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తిప్పి చెప్పడం మొదలుపెట్టింది. అంతే. ఆకాశం ఊడిపడలేదు, నా వీసా పోలేదు.

ఆ సాయంత్రం అక్కకి మెసేజ్ పెట్టాను. ఒక బొటనవేలు ఎమోజీ వచ్చింది. దాని కింద ఇంకో మెసేజ్: 'ఒకటయింది. లెక్క రాసుకుంటూ ఉండు.'

రాసుకుంటున్నాను. తేదీతో సహా.